తుంటి విరిగితే ఎముక ఒక్కటే చూస్తే సరిపోదు: మా ఇంట్లో రెండుసార్లు జరిగింది, రెండూ చెప్తా

మీ ప్రశ్న రెండుసార్లు చదివానండీ. అమ్మగారికి 78, నిన్న పొద్దున బాత్రూంలో జారి తుంటి ఎముక విరిగింది, ఆర్థో డాక్టరేమో రేపే చేసేద్దాం అంటున్నారు, ఫిజీషియనేమో బీపీ షుగరు కంట్రోల్‌కి రానివ్వండి అంటున్నారు, ఎకో (గుండె స్కానింగ్) తియ్యాల్సిన గుండె డాక్టరు సోమవారం గానీ రారు, మీ పెద్దమ్మగారేమో ఈ వయసులో కోతలేంటి పుత్తూరు కట్టు కట్టించండి అంటున్నారు, ఇందులో ఎవరి మాట వినాలి అని అడిగారు.

ముందే చెప్తున్నా, నేను డాక్టర్ని కాదు, హైస్కూల్లో లెక్కలు చెప్పే టీచర్ని. కానీ మా ఇంట్లో ఇలాగే తుంటి విరగడం రెండుసార్లు చూశాను, 2014లో మా నాన్నకి, 2022లో మా అత్తయ్యకి. ఇద్దరికీ దాదాపు ఒకే వయసు, ఎముక విరిగిందీ ఒకేలా, ఇద్దరికీ వేసిందీ అదే రాడ్డు. ఒకరు నడిచారు, ఒకరు లేవలేదు. తేడా ఆపరేషన్లో లేదు, మిగతా అంతటిలో ఉంది, అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

నాన్న ఆర్టీసీ కండక్టరుగా రిటైరయ్యారు. 79 ఏళ్ళొచ్చినా రోజూ పొద్దున్నే సెంటర్ దాకా నడిచెళ్ళి పేపరు చదివి టీ తాగి వచ్చే మనిషి. ఒక రాత్రి యూరిన్‌కి లేచి మంచం పక్కనే పడ్డారు. కుడి కాలు పొట్టిగా అయిపోయి పాదం బయటికి తిరిగిపోయింది, చూడగానే తెలిసిపోతుంది అది. మా దగ్గర్లో ఉన్న హాస్పిటల్లో చేర్చాం, పేరు అనవసరం, ఎందుకంటే అక్కడెవరూ చెడ్డవాళ్ళు కాదు, ఎవరి పని వాళ్ళు బానే చేశారు, అసలు గొడవే అది. కాలికి పట్టీలు చుట్టి, తాడు కట్టి, మంచం చివర ఇటుకలు వేలాడదీశారు ట్రాక్షన్ అని. ఆర్థో ఆయన పొద్దున వచ్చి ఎక్స్‌రే చూసి "ఫిట్‌నెస్ రాగానే చేసేద్దాం" అనేవారు. ఫిజీషియన్ మధ్యాహ్నం వచ్చి షుగరు చార్టు చూసి ఇన్సులిన్ పెంచి వెళ్ళేవారు. మత్తు డాక్టరు ఎకో అడిగారు. ఎకో ఆయన వారానికి రెండు రోజులే. ఎకో వచ్చాక రక్తం పల్చబడే మాత్ర వేసుకుంటున్నారు కదా అది ఆపి ఇన్ని రోజులు ఆగాలి అన్నారు, ఆ సంగతి మొదటి రోజు ఎవరూ అడగలేదు. రెండుసార్లు రాత్రి పన్నెండు నుంచి ఏమీ పెట్టకండి పొద్దున ఆపరేషన్ అన్నారు, మధ్యాహ్నం రెండింటికి "ఇవాళ కాదు" అన్నారు. షుగరు మనిషి, రెండు రోజులు మంచినీళ్ళు కూడా లేకుండా ఎండిపోయి పడుకున్నారు. ముగ్గురు డాక్టర్లు ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం నేను ఒక్కసారి చూడలేదు, వాళ్ళ మధ్య మాటలన్నీ మోసింది నేనే, "ఆ సార్ ఇలా అన్నారండీ" "ఈ సార్ అలా అన్నారండీ" అని, అందులో నేనెన్ని తప్పు మోశానో కూడా నాకు తెలీదు.

నాలుగో రాత్రి నుంచి నాన్నకి మతి తప్పింది. వార్డులో లైట్లు ఆపరు కదా, పగలో రాత్రో తెలీదు, కళ్ళద్దాలు ఇంట్లో ఉండిపోయాయి. రాత్రి రెండింటికి "హోల్డాన్, హోల్డాన్, దిగేవాళ్ళున్నారు" అని అరిచేవారు. నర్సమ్మ ఇంజెక్షన్‌కి వస్తే "చిల్లర ఇవ్వమ్మా, వందకి నేనెక్కడ తేను" అనేవారు. మొదట మేం నవ్వాం కూడా, ఇప్పటికీ దానికి సిగ్గేస్తుంది. తర్వాత యూరిన్ పైపు లాగేసుకోబోయారని చేతులు మంచానికి గుడ్డతో కట్టారు, నిద్రకి ఇంజెక్షన్ ఇచ్చారు, దాంతో పగలంతా మగత, తిండి లేదు. ముసలితనం వల్ల అలాగే ఉంటుందిలే అన్నారు. అది ముసలితనం కాదు, డెలీరియం అంటారు, నొప్పి, నీళ్ళు తగ్గడం, ఇన్ఫెక్షన్, మలబద్ధకం, ఉప్పు తగ్గడం, నిద్రమాత్రలు, వీటిలో ఏదున్నా వస్తుంది, కారణం వెతికి సరిచేస్తే చాలామందిలో తగ్గుతుంది అని నాకు 8 ఏళ్ళ తర్వాత తెలిసింది.

తొమ్మిదో రోజు ఆపరేషన్ చేశారు. ఆపరేషన్ సక్సెస్. ఎక్స్‌రే చూపించి రాడ్డు ఎంత బాగా కూర్చుందో చెప్పారు, నిజంగానే బాగా కూర్చుంది. అప్పటికే నడుం కింద అరచేయంత పుండు, ఊపిరితిత్తుల్లో నెమ్ము. ఇంటికొచ్చిన 40 రోజులకి పోయారు. డెత్ సర్టిఫికెట్లో తుంటి మాట ఎక్కడా లేదు.

ఇక అత్తయ్య సంగతి. 2022 మాఘమాసంలో తెల్లారుజామున తులసికోట దగ్గర పడ్డారు, 81 అప్పటికి. పడగానే మా ఆడపడుచుకి ఫోన్ చేశాం, ఆమె ఇంగ్లాండులో నర్సు, అదే ఎముకల వార్డులో పదేళ్ళుగా. ఆవిడ ఫోన్లో మొదట అడిగింది ఏ హాస్పిటల్, ఏ సర్జన్ అని కాదు. "వదినా, అక్కడ వృద్ధుల డాక్టరు ఉన్నారా? లేకపోతే ఆర్థో, ఫిజీషియన్, మత్తు డాక్టరు ముగ్గురూ ఒకే కప్పు కింద రోజంతా ఉండే హాస్పిటల్ ఏది?" అని. నాకు అర్థం కాలేదు, ఎముక విరిగితే వృద్ధుల డాక్టరెందుకు అన్నా. దానికి ఆవిడ చెప్పిన సంగతి ఇదీ: వాళ్ళ దగ్గర 60 దాటినవాళ్ళు తుంటి విరిగి వస్తే 36 గంటల్లో ఆపరేషన్ అవ్వాలి, 72 గంటల్లోపు వృద్ధుల స్పెషలిస్టు చూసి తీరాలి, మతి సరిగ్గా ఉందో లేదో పరీక్షించాలి, మళ్ళీ పడకుండా ఏం చెయ్యాలో, ఎముకలకి ఏ మందో రాయాలి, ఇవన్నీ జరిగితేనే ఆ హాస్పిటల్‌కి గవర్నమెంటు అదనపు డబ్బు ఇస్తుంది, 2010 నుంచి ఆ పద్ధతి. 2007 నుంచి ప్రతి పేషెంటు లెక్కా ఒకచోట రాస్తున్నారు, ఏ హాస్పిటల్లో ఎన్ని గంటలకి ఆపరేషన్ చేశారో ఎవరైనా చూసుకోవచ్చు. అసలు ఈ ఆలోచనే పాతది, 1960ల నాటికే అక్కడ హేస్టింగ్స్ అనే ఊళ్ళో డెవాస్ అనే ఎముకల డాక్టరు, అర్విన్ అనే వృద్ధుల డాక్టరు కలిసి ఒకే వార్డు నడిపారు. మనకి ఇంకా ఎముకల డాక్టరుది ఒక ఫ్లోరు, షుగరు డాక్టరుది ఒక ఫ్లోరు, మధ్యలో లిఫ్టులో మనం.

మా అదృష్టం, గంట దూరంలో ఒక హాస్పిటల్లో మద్రాసులో వృద్ధుల వైద్యం ఎండీ చేసొచ్చిన డాక్టరమ్మ ఉన్నారు, ముప్పై ఐదేళ్ళుంటాయేమో. (ఆ కోర్సు మన దేశంలో మొదలైందే మద్రాస్ మెడికల్ కాలేజీలో, 1996లో. అక్కడ వృద్ధులకి విడిగా ఓపీ పెట్టిన నటరాజన్ గారికి పద్మశ్రీ కూడా ఇచ్చారు. మన తెలుగు రాష్ట్రాల్లో ఇలాంటి డాక్టర్లు తక్కువే, అన్ని ఊళ్ళలో దొరకరని నాకూ తెలుసు, దొరక్కపోతే ఏం చెయ్యాలో కింద రాస్తా.)

పది గంటలకి చేరాం. క్యాజువాలిటీలోనే తొడ పైభాగంలో నరానికి మత్తు ఇంజెక్షన్ ఇచ్చారు, పావుగంటలో అత్తయ్య మూలుగు ఆగింది, ఇటుకల్లేవు తాళ్ళు లేవు. తర్వాత ఆ డాక్టరమ్మ వచ్చి స్టూలు లాక్కుని కూర్చున్నారు. కూర్చున్నారండీ, అది నాకు బాగా గుర్తు, ఎందుకంటే నాన్న టైంలో ఎవరూ కూర్చోలేదు. కాలు కంటే ముందు అడిగినవి: పడకముందు ఎంత దూరం నడిచేవారు, స్నానం సొంతంగా చేసుకునేవారా, మతిమరుపు ఉందా, చెవి వినపడుతుందా, పోయిన ఏడాది ఎన్నిసార్లు పడ్డారు, పడే ముందు కళ్ళు తిరిగాయా. తర్వాత మందుల కవరు బోర్లించమన్నారు. మంచం మీద పోస్తే 11 రకాల మాత్రలు. గుండె డాక్టరు రాసినవి కొన్ని, ఎప్పుడో నిద్ర పట్టక మెడికల్ షాపులో తెచ్చుకున్నది ఒకటి, ఒకే మందు రెండు కంపెనీ పేర్లతో రెండు. బీపీకి అని ఇచ్చిన నీళ్ళు ఎక్కువ పోయేలా చేసే మాత్ర చేతిలోకి తీసుకుని "ఈవిడ పడింది దీనివల్లేనేమో చూద్దాం" అన్నారు. రక్తపరీక్షలో సోడియం, అంటే రక్తంలో ఉప్పు, 127 వచ్చింది, తక్కువన్నమాట. ఆ మాత్ర సోడియం తగ్గిస్తుందట, సోడియం తగ్గితే తూలుతారు, మగతగా ఉంటారు, పడతారు. మేం ఎనిమిది నెలలుగా అత్తయ్యకి నీరసం నీరసం అని బలం టానిక్కులు పోస్తున్నాం.

అప్పుడు మత్తు డాక్టరు, ఆర్థో, ఆవిడ ముగ్గురూ మా ముందే కారిడార్లో నిలబడి మాట్లాడుకున్నారు, ఐదు నిమిషాలు పట్టలేదు. 127 అంటే తక్కువే గానీ ఆపేంత కాదు, మాత్ర ఆపి సెలైన్ జాగ్రత్తగా ఇస్తూ రేపే చేద్దాం, బీపీ 170 ఉంది, నొప్పికి పెరిగింది, దానికోసం ఆగక్కర్లేదు అనుకున్నారు. మర్నాడు పదకొండుకి ఆపరేషన్, చేరిన 25 గంటలకి. ఇది నాన్నకి 9 రోజులు పట్టిన పని.

మీ విషయానికొస్తే, దేనికి ఆగాలి దేనికి ఆగక్కర్లేదు అన్నది చాలా ముఖ్యం. బ్రిటన్లో మత్తు డాక్టర్ల సంఘం గైడ్‌లైన్స్‌లో ఆగడానికి ఒప్పుకునే కారణాలు కొన్నే ఉన్నాయి: హిమోగ్లోబిన్ 8 కంటే తక్కువ, సోడియం 120 కంటే తక్కువ లేదా 150 కంటే ఎక్కువ, పొటాషియం 2.8 కంటే తక్కువ లేదా 6 కంటే ఎక్కువ, గుండె లయ తప్పి నిమిషానికి 120 దాటి కొట్టుకోవడం, గుండె ఫెయిలై ఊపిరితిత్తుల్లో నీరు చేరడం, నెమ్ముతో ఒళ్ళంతా ఇన్ఫెక్షన్ పాకడం, షుగరు పూర్తిగా అదుపు తప్పడం, రక్తం గడ్డకట్టకపోవడం. వీటిలో ఉంటే కూడా "ఆగండి" కాదు, సరిచేస్తూ త్వరగా వెళ్ళండి అని. మామూలు బీపీ ఎక్కువ అందులో లేదు. ఒక్క ఎకో కోసం రోజుల తరబడి ఆపరేషన్ ఆపకూడదు అని కూడా ఉంది, ఎకో దొరక్కపోతే ఆ గుండెకి తగ్గట్టు మత్తు ఎలా ఇవ్వాలో మత్తు డాక్టరు చూసుకుంటారు. ఆస్పిరిన్ వాడుతున్నారని ఆగక్కర్లేదు, కానీ రక్తం పల్చబడేందుకు వాడే వార్ఫరిన్ లాంటి గట్టి మందులైతే వాటి లెక్క వేరు, మత్తు డాక్టర్నే అడగండి. కాబట్టి మీరు అడగాల్సింది "ఎప్పుడు చేస్తారు" అని కాదు, "సర్, ఇవాళ చెయ్యకపోవడానికి కారణమైన నంబరు ఏది, అది ఎంతకి రావాలి, దానికోసం ఇప్పుడేం ఇస్తున్నారు" అని. ఈ మూడింటికీ జవాబుంటే ఆగండి. లేకపోతే అది మీనమేషాలు లెక్కపెట్టడమే.

అలాగని గంటలు లెక్కపెట్టి కంగారు పడకండి. 2020లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఒక పెద్ద స్టడీ వచ్చింది, 17 దేశాలు, మన దేశం కూడా ఉంది, 2,970 మంది. విరిగిందని తేలాక సుమారు 6 గంటలకి చేసినవాళ్ళకీ, సుమారు 24 గంటలకి చేసినవాళ్ళకీ ప్రాణాపాయంలో తేడా రాలేదు, కానీ త్వరగా చేసినవాళ్ళలో డెలీరియం తగ్గింది, త్వరగా లేచి నిలబడ్డారు. అంటే ఆ రాత్రికి రాత్రే అంబులెన్సులో ఊళ్ళు మార్చేంత తొందర లేదు. మీకు సోమవారం అంటే నాలుగో రోజు, నేనైతే అంత ఆగను.

పెద్దమ్మగారి మాట. చేతి మణికట్టు సంగతి నేను మాట్లాడను, ఎవరి నమ్మకం వాళ్ళది. తుంటి దగ్గర ఎముక లోపల తొడ కండల్లో ఉంటుంది, పైన ఎంత గట్టిగా కట్టినా అక్కడ కదలిక ఆగదు. పైగా తొడ ఎముక పైకొసన కీలులో కూర్చునే గుండు ఉంటుంది, దాని కింది సన్నటి భాగాన్ని మెడ అంటారు, అక్కడ విరిగి పక్కకి జరిగితే ఆ గుండుకి రక్తం వెళ్ళే దారే తెగిపోవచ్చు, చాలాసార్లు అతకనే అతకదు, అందుకే పెద్దవాళ్ళకి ఆ గుండు తీసి లోహపు గుండు పెడతారు. కాస్త కింద విరిగితే రాడ్డు వేస్తారు. మీ అమ్మగారిది ఏదో ఎక్స్‌రే రిపోర్టులో ఉంటుంది, అడగండి. "ఈ వయసులో ఆపరేషన్ తట్టుకుంటుందా" అని అందరూ అంటారు, మా పెదనాన్న కూడా అన్నారు. ఆపరేషన్ లేకుండా ఆరు వారాలు వెల్లకిలా పడుకోవడం ఈ వయసులో తట్టుకోగలరా అని ఎవరూ అడగరు. పక్కకి తిప్పాలంటే కేక, బెడ్‌పాన్ పెట్టాలంటే కేక. నడవడం అటుంచండి, ఆ నొప్పి పోవడానికైనా ఆపరేషన్ కావాలి. రిస్కు ఉంది, దాచను, ఎంత బాగా చూసుకున్నా తుంటి విరిగిన పెద్దవాళ్ళలో సుమారు నలుగురైదుగురిలో ఒకరు ఏడాది లోపు పోతారు, చాలా దేశాల లెక్కలు అటూ ఇటుగా అలాగే ఉంటాయి.

వృద్ధుల డాక్టరు లేకపోతే ఏం చెయ్యాలి అన్నా కదా. ముగ్గురిలో ఒకరిని పట్టుకోండి, ఎక్కువగా ఫిజీషియన్, "సర్, అమ్మకి మొత్తం మీద మీరే పెద్ద దిక్కు, మిగతా ఇద్దరితో మీరే మాట్లాడండి, మేం మీ మాటే వింటాం" అని చెప్పేయండి. మనం అలా అడిగితే చాలామంది తీసుకుంటారు, అడక్కపోతే ఎవరూ తీసుకోరు. రెండోది ఒక లాంగ్ నోట్‌బుక్ కొనండి. నేను అత్తయ్యకి పేజీ నిలువుగా గీతలు కొట్టి టైము, తాగిన నీళ్ళు, యూరిన్, మోషన్, తిన్నది, నొప్పి పదికి ఎంత, ఎవరొచ్చారు ఏమన్నారు అని రాశాను. రెండో రోజు నుంచి డ్యూటీ డాక్టరు కేస్ షీట్ కంటే ముందు నా పుస్తకం అడిగేవాడు, పిల్లాడు బుద్ధిమంతుడు. మీ అన్నదమ్ములు షిఫ్టులు మారినప్పుడు కూడా నోటిమాటలు కాకుండా ఆ పుస్తకం చేతులు మారాలి.

ఇంకా ఇంటి నుంచి ఇవాళే కళ్ళద్దాలు, పళ్ళ సెట్టు, చెవి మిషను ఉంటే అది (బ్యాటరీలతో సహా), గోడ గడియారం ఒకటి తెప్పించండి. అత్తయ్యకి చెవి మిషను పెట్టగానే సగం గందరగోళం పోయింది, అంతకుముందు డాక్టరు అడిగినవి వినపడక ఏదేదో చెప్తుంటే మతి పోయిందనుకున్నారు. రాత్రి ఎవరైనా తెలిసిన మనిషి పక్కన ఉండాలి, "అమ్మా ఇది హాస్పిటల్, ఇవాళ శుక్రవారం, కాలికి ఆపరేషన్ అయింది" అని విసుక్కోకుండా చెప్తుండాలి. ఉపవాసం పెట్టమంటే ఆపరేషన్ టైము అడిగి, ఘన పదార్థం 6 గంటల ముందు దాకా, మంచినీళ్ళు 2 గంటల ముందు దాకా ఇవ్వొచ్చా అని మత్తు డాక్టర్ని అడగండి, చాలాసార్లు ఒప్పుకుంటారు. ఎయిర్ బెడ్ మొదటి రోజే అద్దెకి తెచ్చేయండి, పుండు పడ్డాక తెచ్చి లాభం లేదు, దాని మీద ఉన్నా రెండు గంటలకోసారి ఒత్తిగిలించాలి.

ఆపరేషన్ అయ్యాక అత్తయ్యని మర్నాడు పొద్దున్నే ఫిజియో అబ్బాయి మంచం అంచున కూర్చోబెట్టాడు. ఆవిడ ముఖం తెల్లగా పాలిపోయింది, నా మోచెయ్యి పట్టుకుని గోళ్ళు దిగేలా నొక్కారు. "కాలు కింద పెడితే రాడ్డు ఊడదా నాయనా" అని అడిగారు. "ఊడదమ్మా, నిలబడటానికే వేశాం" అన్నాడు. వాకరు పట్టుకుని ఎనిమిది అంకెలు లెక్కపెట్టేంత సేపు నిలబడ్డారు. ఆ సాయంత్రం యూరిన్ పైపు తీసేశారు. ఆమెకీ ఒక రాత్రి గందరగోళం వచ్చిందండీ, రాలేదని చెప్పను, గోడ మీద చీమలు పాకుతున్నాయి అన్నారు. అప్పుడు డాక్టరమ్మ నిద్ర ఇంజెక్షన్ ఇవ్వలేదు, మోషన్ అయి ఎన్నాళ్ళయిందో నా పుస్తకంలో చూశారు, నాలుగు రోజులు. దానికి మందిచ్చారు, లైటు ఆపించారు, రెండు రోజుల్లో సర్దుకుంది. నాన్నని కట్టేసిన గుడ్డ గుర్తొచ్చి ఆ రాత్రి నేను వరండాలో కూర్చుని ఏడ్చాను.

ఎనిమిదో రోజు ఇంటికొచ్చాం. మాత్రలు 11 నుంచి 6 అయ్యాయి. పడుకున్నప్పుడు ఒకసారి, నిలబెట్టాక ఒకసారి బీపీ చూడమన్నారు, నిలబడగానే బాగా పడిపోతే ఫోన్ చెయ్యమన్నారు. రాత్రి లైటు, బాత్రూంలో పట్టుకోడానికి కడ్డీ, వెస్టర్న్ కమోడ్, తివాచీ తీసెయ్యడం, ఇవన్నీ మీకు తెలిసినవే. తెలియనిది ఎముకల మందు. ఒకసారి తుంటి విరిగిందంటే ఎముక గుల్లబారిందనే అర్థం, రెండో వైపు కూడా విరగొచ్చు. విటమిన్ డీ, కిడ్నీ పరీక్ష చూసి, ఏడాదికోసారి సెలైన్లో ఎక్కించే జోలెడ్రోనిక్ యాసిడ్ ఇచ్చారు. 2007లో వచ్చిన ట్రయల్లో తుంటి ఆపరేషన్ అయినవాళ్ళకి ఇది ఇస్తే కొత్తగా ఎముకలు విరగడం 35 శాతం తగ్గింది. మన దగ్గర కుట్లు విప్పాక కాల్షియం మాత్రలు రాసి పంపేస్తారు, ఈ మాట ఎవరూ ఎత్తరు, నాన్నకీ ఎత్తలేదు, మీరే ఎత్తండి. పన్ను పీకించుకునే పనేమైనా ఉంటే ముందే చెప్పాలి ఆ మందుకి.

అత్తయ్య మూడు నెలలకి వాకరు వదిలి చేతికర్రకి వచ్చారు. తులసికోట చుట్టూ మూడు ప్రదక్షిణాలు చేసేవారు ఇదివరకు, ఇప్పుడు ఒకటే, మిగతా రెండూ నన్ను చెయ్యమంటారు.

మీరు ఇప్పుడు వెళ్ళి హిమోగ్లోబిన్, సోడియం, పొటాషియం, షుగరు ఎంతున్నాయో, వాడే మాత్రల పేర్లు, ఎక్స్‌రే రిపోర్టులో మెడ దగ్గరా కిందా ఎక్కడ విరిగిందని రాశారో ఇక్కడ పెట్టండి. నేను స్కూలు నుంచి ఐదింటికి వస్తా, ఆడపడుచు అప్పటికి డ్యూటీ బ్రేకులో ఉంటుంది, ఆమెని అడిగి ఇక్కడే రాస్తాను. ఈలోపు ఫిజీషియన్ రౌండ్స్‌కి వస్తే ఆ నంబరు ప్రశ్న మాత్రం అడిగేయండి.